జపాన్ చెక్క అచ్చు ప్రింట్లు: ‘ఇది ఒరిజినలేనా?’ అని అడిగితే జవాబు ఎందుకు తేలదు

2023 మార్చిలో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలంలో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ ‘పెద్ద అల’ ప్రింటు ఒకటి దాదాపు 27 లక్షల 60 వేల డాలర్లు పలికింది. అదే బొమ్మను, అదే సైజులో, అదే తరహా చేతికాగితం మీద, చెక్క అచ్చులతోనే కొత్తగా అద్ది టోక్యోలో ఇప్పటికీ అమ్ముతున్నారు. దాని ఖరీదు ఓ మామూలు స్మార్ట్‌ఫోన్ ధరను దాటదు. ఈ రెండింటి మధ్యా ఇంకా చాలా రకాలున్నాయి. అచ్చులు అరిగిపోయాక తీసినవి, 1900 ప్రాంతంలో మళ్లీ చెక్కి వేసినవి, ఆఫ్‌సెట్ యంత్రం మీద లక్షల్లో కొట్టినవి. ఆన్‌లైన్ అమ్మకాల్లో వీటిలో చాలా ‘ఒరిజినల్ వుడ్‌బ్లాక్ ప్రింట్’ అన్న పేరుతోనే కనిపిస్తాయి. అలా రాసినవాళ్లలో చాలామంది అబద్ధమూ చెప్పడం లేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కు విప్పాలంటే ముందు ప్రింటు ఎలా తయారయ్యేదో చూడాలి. చిత్రకారుడు పలుచని కాగితం మీద నల్ల సిరాతో గీతల బొమ్మ గీస్తాడు. చెక్కేవాడు ఆ కాగితాన్ని బోర్లించి కొండచెర్రీ చెక్క మీద అంటిస్తాడు. గీత ఉన్నచోట వదిలేసి, లేనిచోటల్లా కాగితంతో సహా చెక్కేస్తాడు. అంటే చెక్కడం పూర్తయ్యేసరికి చిత్రకారుడి చేతి బొమ్మ మిగలదు. హొకుసాయ్ చేత్తో గీసిన ‘పెద్ద అల’ అసలు బొమ్మ ఏ మ్యూజియంలోనూ లేదు, ఉండే అవకాశమూ లేదు. పెయింటింగ్ విషయంలో ఒరిజినల్ అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు.

గీతల అచ్చు సిద్ధమయ్యాక దానితో కొన్ని నలుపు ప్రింట్లు తీసి, ఎక్కడ ఏ రంగు రావాలో చిత్రకారుడు గుర్తులు పెడతాడు. దాన్ని బట్టి ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు చెక్కుతారు. పెడనలో కలంకారీ బట్ట మీద రంగుకో అచ్చు మార్చి అద్దడం చూసినవాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. తేడా ఏమిటంటే అక్కడ అచ్చును చేత్తో పట్టుకుని బట్ట మీద కొడతారు, ఇక్కడ అచ్చును కిందే ఉంచి, రంగు పూసి, కాగితాన్ని పైన పరిచి, వెదురు పొర చుట్టిన ‘బారెన్’ అనే గుండ్రటి బిళ్లతో కాగితం వీపున రుద్దుతారు. కాగితం ప్రతిసారీ సరిగ్గా అదే చోట కూర్చోవడానికి చెక్క మూలన ఒక గాడి, పక్కన ఇంకో గాడి ఉంటాయి. వాటిని ‘కెంటో’ అంటారు. ఇలా ఎన్నో రంగుల ప్రింట్లు 1765లో చిత్రకారుడు హరునొబు కాలంలో ఊపందుకున్నాయి. (మన కోరమాండల్ తీరపు అద్దకం బట్టలు కూడా ఆ కాలంలో డచ్చి ఓడల్లో జపాన్ చేరేవి. అక్కడివాళ్లకు అవంటే మోజు.)

ఇందులో చిత్రకారుడు, చెక్కేవాడు, అద్దేవాడు ముగ్గురూ కూలికి పనిచేసేవాళ్లే. డబ్బు పెట్టేది, ఏ బొమ్మ వేయాలో, ఎన్ని వేయాలో తేల్చేది, అచ్చులు తన దగ్గర ఉంచుకునేది నాలుగో మనిషి, ప్రచురణకర్త. ‘పెద్ద అల’ ఉన్న ఫుజి పర్వతం వరుసకు ఆ మనిషి నిషిమురాయా యొహాచి. 1830 తర్వాత కొద్ది ఏళ్లలోనే ఆ వరుస వచ్చింది. పేరులో 36 దృశ్యాలని ఉంటుంది గానీ బాగా అమ్ముడుపోవడంతో మరో పది కలిపి 46 చేశాడు. ఇది శుద్ధ వ్యాపారం. ఒక మామూలు రంగుల ప్రింటు అప్పట్లో ఒకటి రెండు గిన్నెల సోబా నూడుల్స్ ధరకు దొరికేది. గిరాకీ ఉన్నన్నాళ్లు అద్దుతూనే పోయేవాళ్లు. ఎన్ని అద్దారో ప్రింటు మీద రాయాలన్న ఆలోచన ఎవరికీ లేదు. ఈనాటి ప్రింట్ల కింద కనిపించే 12/100 లాంటి అంకెల కోసం ఇక్కడ వెతకడం వృథా.

మొదటి విడతలో 200 దాకా అద్దేవాళ్లని చెబుతారు. ఆ విడత నాటికి అచ్చులు పదును మీద ఉంటాయి. చిత్రకారుడు కోరిన రంగులు, ఆకాశంలో ముదురు నుంచి లేతకు జారే ఛాయలు అన్నీ పెట్టేంత ఓపికా ఉంటుంది. ఆ జారుడు ఛాయను ‘బొకాషి’ అంటారు. అది అచ్చులో ఉండదు. అద్దేవాడు ప్రతిసారీ చెక్క మీద రంగును తడి బ్రష్‌తో సరిచేస్తేనే వస్తుంది. అందుకే గిరాకీ పెరిగి హడావుడి మొదలయ్యాక మొదట పోయేది అదే. రెండు ఛాయలున్న చోట ఒకటవుతుంది, ఆ తర్వాత అదీ పోయి చదునైన రంగు మిగులుతుంది. ఇటు అచ్చులూ అరుగుతాయి. సన్నని గీతలు లావెక్కుతాయి, చివరలు విరుగుతాయి. తొలి ప్రతులను ‘షోజురి’ అనీ, తర్వాతి వాటిని ‘అటోజురి’ అనీ కలెక్టర్లు విడదీసి చెప్పేది అందుకే.

‘పెద్ద అల’ విషయంలో ఈ అరుగుదలను దాదాపు కొలిచినంత పని చేశారు. బ్రిటిష్ మ్యూజియం శాస్త్రవేత్త కపుసీన్ కోరెన్‌బెర్గ్ ప్రపంచమంతా వెతికి 111 ప్రతులను గుర్తించారు. మొత్తం అద్దినవి ఎనిమిది వేల దాకా ఉండొచ్చని అంచనా. ఆ 111 ప్రతుల్లో గీతలు ఎక్కడెక్కడ తెగాయో పోల్చి, ఏది ముందుదో ఏది వెనకదో వరుస కట్టారు. ఎడమవైపు పైన పేరు రాసిన నిలువు పెట్టె చుట్టూ ఉన్న గీతను చూడండి. తొలి ప్రతుల్లో అది తెగకుండా ఉంటుంది, తర్వాతి వాటిలో అక్కడక్కడ ఖాళీలు కనిపిస్తాయి. తొలి ప్రతుల ఆకాశంలో లేత గులాబీ రంగు మేఘం కూడా ఉండేది. చాలా ప్రతుల్లో అది వెలిసిపోయి కనిపించదు. ఈ 111లో ఏదీ నకిలీ కాదు, అన్నీ ఒకే అచ్చు కుటుంబం. అయినా వాటి ధరల మధ్య పదింతలకు మించిన తేడా ఉంటుంది.

కాబట్టి ‘ఒరిజినలేనా’ అన్న ఒక్క ప్రశ్నను కొన్ని ముక్కలు చేయాలి. ఏ అచ్చుల నుంచి తీశారు, మొదట చెక్కినవేనా, మళ్లీ చెక్కినవా? ఎప్పుడు తీశారు? ఎవరు తీయించారు? తీసిన తర్వాత ఈ కాగితం ఏ పాట్లు పడింది? ఈ చివరి ప్రశ్నను కొత్తవాళ్లు దాదాపు అడగరు. పాతవాళ్లు మొదట అడిగేది అదే.

మళ్లీ చెక్కినవాటి కథ కొంచెం చెప్పాలి. మెయ్‌జీ కాలం (1868-1912) చివర్లో పాశ్చాత్యుల గిరాకీ పెరిగి మంచి ప్రింట్లు కరువయ్యాయి. పాత ప్రింటును చూసి కొత్త అచ్చులు చెక్కడం మొదలైంది. చెక్కినవాళ్లు అదే సంప్రదాయంలో పెరిగిన దిట్టలు, అదే కాగితం, అదే బారెన్. కొందరు నిజాయితీగా తమ గుర్తు వేసుకున్నారు, కొందరు వేసుకోలేదు. టోక్యోలోని అదాచి సంస్థ ఇప్పటికీ బాహాటంగా ఇదే పని చేస్తోంది, వాళ్ల ప్రింటు చూస్తే అది తయారైన తొలిరోజు రంగులు ఎలా ఉండేవో తెలుస్తుంది. ఇలాంటివి కొనడం తప్పేమీ కాదు. గోడకు వేలాడదీయడానికైతే ఇవే మేలు. సమస్య ఎప్పుడంటే, నూరేళ్ల కిందటి పునర్ముద్రణ కాగితం పసుపుబారి, అంచులు చిరిగి, అసలుదానికంటే అసలుగా కనిపించినప్పుడు.

ప్రింటు మీద ఉండే చిన్న ముద్రలు చూస్తే తెలిసిపోతుందిగా అని అనిపించవచ్చు. ముద్రలు నిజంగానే ఎంతో చెబుతాయి. అప్పట్లో జపాన్‌ను ఏలిన షోగునుల ప్రభుత్వం ప్రతి బొమ్మనూ ముందుగా తనిఖీ చేయించేది. సుమారు 1790ల మొదటి నుంచి 1842 దాకా ‘కివామె’ అనే గుండ్రటి చిన్న ముద్ర ఉంటుంది. ఆ తర్వాత కొన్నేళ్లు తనిఖీ అధికారి పేరు ముద్ర ఒకటి, 1847 నుంచి రెండు, 1852లో వాటికి తోడు తేదీ ముద్ర, 1853 చివరి నుంచి ‘అరతామె’ అనే ఆమోద ముద్రతో పాటు తేదీ. తేదీలో సంవత్సరాన్ని జంతువు పేరుతో చెబుతారు, ఎలుక, ఎద్దు, పులి అంటూ పన్నెండు. పన్నెండేళ్లకోసారి అదే జంతువు వస్తుంది కనుక ఏ రకం ముద్ర అన్నదాన్ని బట్టి ఏ చుట్టో తేల్చుకోవాలి. హిరోషిగే గీసిన వంతెన మీద హఠాత్తు వాన ప్రింటు మీద పాము సంవత్సరం తొమ్మిదో నెల అని ఉంటుంది, అంటే 1857. ఇలా నెల దాకా తేదీ దొరకడం ఏ దేశపు పాత కళలోనైనా అరుదు.

అయితే ఆ తేదీ బొమ్మకు అనుమతి దొరికిన తేదీ. ఈ కాగితం మీద సిరా పడిన తేదీ కాదు. ముద్ర కూడా అచ్చులో చెక్కిందే కాబట్టి ముప్ఫై ఏళ్ల తర్వాత అదే అచ్చుతో తీసినా అదే తేదీ పడుతుంది. మళ్లీ చెక్కినవాడు బొమ్మతో పాటు ముద్రనూ చెక్కుతాడు, సంతకాన్నీ చెక్కుతాడు. ‘తేదీ ముద్ర ఉంది, కాబట్టి 1857 నాటిది’ అని అమ్మేవాడు చెబితే, ఆ మాటలో మొదటి సగమే నమ్మాలి.

ముద్రలకన్నా రంగులు ఎక్కువ నిజం చెబుతాయి. పాత ఎరుపు, గులాబీ కుసుమ పూల నుంచి తీసినవి. మన తెలంగాణ పొలాల్లో నూనె కోసం పండించే కుసుమే అది. పాత లేత నీలం ఒక గడ్డిపూవు రసం. ఈ రెండూ వెలుతురు తగిలితే నిలవవు, ఆ నీలానికి తడి తగిలినా అంతే. రెంటినీ కలిపి చేసిన ఊదా రంగు మట్టిరంగుకు దిగిపోతుంది. 18వ శతాబ్దపు ప్రింట్లలో ఆకాశం, నది అన్నీ తేనెరంగులో కనిపించి ‘ఎంత పాతకాలపు అందమో’ అనిపిస్తే, అది కాలం చేసిన పని. హరునొబు వేయించిన రంగులు అవి కావు. 1830 ప్రాంతంలో యూరప్‌లో పుట్టిన ప్రష్యన్ నీలం చవగ్గా దొరకడంతో పరిస్థితి మారింది. అది ముదురుగా ఉంటుంది, వెలవదు. హొకుసాయ్, హిరోషిగే ఇద్దరి పేరూ నీటి దృశ్యాలతో, ఆకాశాలతో మారుమోగడంలో ఆ రంగు పాత్ర చిన్నది కాదు. 1860ల నుంచి యూరప్ రసాయన రంగులు, ముఖ్యంగా కొట్టొచ్చినట్టుండే ఎరుపు, ఊదా వచ్చాయి. 1830 నాటిదని చెప్పే ప్రింటులో అలాంటి ఎరుపు కనిపిస్తే అక్కడితో ఆగిపోవచ్చు.

రంగు నిలవడం మీద కలెక్టర్లకు ఉన్న పట్టుదల ఎంతటిదో బోస్టన్ మ్యూజియంలో చూడొచ్చు. విలియం, జాన్ స్పాల్డింగ్ అనే అన్నదమ్ములు 1921లో ఆరు వేలకు పైగా ప్రింట్లను ఆ మ్యూజియానికి ఇచ్చేశారు. ఒకే షరతు: ఎప్పటికీ ప్రదర్శనకు పెట్టకూడదు. విచిత్రంగా అనిపిస్తుంది గానీ, ఆ ప్రింట్ల రంగులు ఈనాటికీ తాజాగా ఉండటానికి కారణం ఆ మొండిపట్టే. వాటిలో ఎన్నో 1913లో జపాన్ వెళ్లి వాళ్ల తరఫున కొనిపెట్టింది ప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్. ఆయన ఈ ప్రింట్ల పిచ్చివాడే కాదు, పెద్ద వ్యాపారి కూడా. భవనాల కన్నా ప్రింట్ల మీదే ఎక్కువ సంపాదించిన ఏళ్లున్నాయి.

ఆ రైట్‌కే ఒక పెద్ద దెబ్బ తగిలింది. టోక్యోలో ఇంపీరియల్ హోటల్ కడుతున్న రోజుల్లో ఆయన కొని న్యూయార్క్ కలెక్టర్లకు అమ్మిన ప్రింట్లలో కొన్ని ‘బాగుచేసినవి’ అని బయటపడింది. అంటే కాగితం పాతదే, అచ్చు పాతదే, ప్రింటు నిజమైనదే. కానీ వెలిసిన రంగుల మీద కొత్త అచ్చులు చెక్కి కొత్త రంగు అద్దారు. మోసపోయిన కొనుగోలుదారులకు రైట్ నష్టపరిహారం కట్టుకోవాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడల్లా నాకు ధైర్యమూ కలుగుతుంది, టెన్షనూ పుడుతుంది. వేల ప్రింట్లు చేతిలో పట్టుకుని చూసిన మనిషి కన్నే మోసపోతే, ఫోన్ తెర మీద ఫొటో చూసి తేల్చేవాళ్లం మనమెంత?

అందుకే చేతిలోకి వచ్చిన ప్రింటును ముందు తిప్పి చూడాలి. నిజమైన చెక్క అద్దకంలో రంగు కాగితంలోకి ఇంకుతుంది, వెనక నుంచి బొమ్మ లీలగా కనిపిస్తుంది. బారెన్ రుద్దిన గీతలు ఏటవాలు వెలుతురులో తెలుస్తాయి. వెనక తెల్లగా, నున్నగా ఉంటే అనుమానించాలి. భూతద్దంతో చూస్తే చుక్కలు చుక్కలుగా కనిపించిందా, అది ఆఫ్‌సెట్, ఇక మాట్లాడేదేం లేదు. కాగితం మల్బరీ జాతి చెట్టు నారతో చేసినది కాబట్టి పొడవాటి నారలు, కాగితం తీసిన జల్లెడ గీతలు కనిపించాలి. పెద్ద రంగు మైదానాల్లో చెక్క ఈనెలు కనిపించడం మంచి గుర్తు. ఇవన్నీ చెక్కతో అద్దారని మాత్రమే రుజువు చేస్తాయి. ఏ అచ్చుతో అన్నది తేలాలంటే మ్యూజియం ప్రతి పక్కన పెట్టి గీత గీతా పోల్చాలి. కొత్తగా చెక్కిన అచ్చులో ఎంత దిట్ట చెక్కినా జుట్టు వెంట్రుకల దగ్గరో, సంతకపు వంపులోనో, పెట్టె మూలనో తేడా దొరుకుతుంది. ఈ పని ఒకప్పుడు పెద్ద లైబ్రరీలున్న ఊళ్లవాళ్లకే సాధ్యం. ఇప్పుడు జాన్ రెసిగ్ అనే ప్రోగ్రామర్ తయారుచేసిన ukiyo-e.org లాంటి చోట ఫొటో ఎక్కిస్తే ఎన్నో మ్యూజియాల్లోని అదే బొమ్మ ప్రతులు పక్కపక్కనే వస్తాయి. హైదరాబాదులో కూర్చుని చేసుకోవచ్చు.

మార్జిన్ కత్తిరించారా, పురుగు తొలిచిన రంధ్రాలు పూడ్చారా, ఆల్బంలో కుట్టిన గుర్తులున్నాయా, అట్టకు గమ్ముతో అంటించేశారా అన్నవీ ధరను కిందికి లాగుతాయి. వీటిలో అట్టకు అంటించడం అన్నిటికన్నా చెడ్డది. పురుగు రంధ్రాల గురించి నేనైతే పెద్దగా పట్టించుకోను. మరో సంగతి, చాలా నటుల బొమ్మలు, యుద్ధ దృశ్యాలు మూడేసి కాగితాల మీద ఒకే దృశ్యంగా వేసినవి. వాటిలో ఒక కాగితాన్ని విడిగా పూర్తి బొమ్మలా అమ్మడం మామూలే. చెయ్యి సగంలో తెగినట్టుంటే, ఎవరూ లేనివైపు పాత్ర కోపంగా చూస్తుంటే మిగతా రెండు కాగితాలు ఎక్కడో ఉన్నాయన్నమాట.

మరి ఏది కొనాలి? ఈ ప్రశ్నకు నా పక్షపాతం నాకుంది. పేరున్న బొమ్మ అరిగిపోయిన ప్రతి కన్నా, పేరు లేని బొమ్మ తొలి ప్రతి మేలు. హిరోషిగే టొకైదో దారి వరుసలో నీరసపడ్డ, వెలిసిన కాగితానికి పెట్టే డబ్బుతో కునిసాదా వేసిన నటుడి బొమ్మ గీతలు పదునుగా, రంగులు నిండుగా ఉన్నది దొరుకుతుంది. కునిసాదా (1786-1865) తన కాలంలో హొకుసాయ్, హిరోషిగేల కన్నా ఎక్కువ అమ్ముడుపోయాడు. వేల కొద్దీ బొమ్మలు వేశాడు కాబట్టే ఇప్పుడు చవక. కబుకీ నాటకాల నటులెవరో మనకు తెలియకపోయినా బట్టల మీది నమూనాలు, రంగు లేకుండా ఒత్తి తేల్చిన గీతలు చేతిలో పట్టుకుని చూస్తే ఈ కళ అంటే ఏమిటో అర్థమవుతుంది. చిత్రకారుడు వాన్ గో 1886-87 చలికాలంలో పారిస్ డీలర్ బింగ్ దగ్గర 660 దాకా ప్రింట్లు కొన్నాడు. వాటిలో ఎక్కువ భాగం ఇలాంటి 19వ శతాబ్దపు చవక సరుకే. అమ్మి లాభం చేద్దామనుకున్నాడు, అమ్ముడుపోలేదు. హిరోషిగే వాన బొమ్మను చూసి తైలవర్ణంలో మళ్లీ వేసుకున్నది 1887లోనే.

ఇంకో దారి 20వ శతాబ్దపు ‘షిన్-హంగా’. వతనబే షోజబురో అనే ప్రచురణకర్త పాత పద్ధతినే కొత్త చిత్రకారులతో నడిపాడు. అందులో కవాసే హసుయ్ (1883-1957) వాన, మంచు దృశ్యాలకు ఇప్పుడు గిరాకీ బాగా ఉంది. 1923 కాంటో భూకంపం, మంటల్లో వతనబే అచ్చులు, నిల్వలు కాలిపోయాయి. అందుకే అంతకు ముందు వేసినవి బాగా ఖరీదు. ఆ తర్వాతివాటిని మార్జిన్‌లోని వతనబే ముద్ర రకాన్ని బట్టి ఏ ఏళ్లవో చెప్పొచ్చు, ఎందుకంటే ఆ ముద్రను అచ్చులో చెక్కకుండా ఎప్పటికప్పుడు విడిగా కొట్టేవాళ్లు. హసుయ్ పోయాక కూడా అవే అచ్చులతో అద్దుతూనే ఉన్నారు. అవీ చక్కగానే ఉంటాయి, ధర మాత్రం అందులో చిన్న భాగమే ఉండాలి.

భారతీయులకు ఇందులో ఇంకో ఆకర్షణ యొషిదా హిరోషి (1876-1950). 1930-31లో కొడుకును వెంటబెట్టుకుని మన దేశమంతా తిరిగి తాజ్ మహల్, అజంతా, వారణాసి, మదురై, కాంచన్‌జంగ వంటి దృశ్యాలతో ఒక వరుస వేశాడు. తాజ్‌ను ఒకే అచ్చులతో రంగులు మార్చి తెల్లవారుజామున ఒకలా, రాత్రి ఒకలా తెప్పించాడు. ఆయన పాత పద్ధతికి భిన్నంగా ప్రచురణా, అద్దకపు పర్యవేక్షణా తానే చూసుకున్నాడు. అలా తన కళ్లెదుట అద్దించినవాటి ఎడమ మార్జిన్‌లో ‘జిజురి’ అనే ముద్ర, కింద పెన్సిల్ సంతకం ఉంటాయి. ఆయన తర్వాత అద్దినవాటి మీద పెన్సిల్ బదులు ముద్రకొట్టిన సంతకం ఉంటుంది. రెంటికీ ధరలో తేడా చాలా ఎక్కువ.

కొన్నాక దాచడం మన వాతావరణంలో చిన్న పని కాదు. విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలో తేమకు కాగితం మీద గోధుమరంగు మచ్చలు లేస్తాయి. వెండిచేపలనే పురుగులకు ఈ కాగితం, పిండిజిగురు అంటే ప్రాణం. ఆమ్లం లేని అట్టల మధ్య, పెట్టెలో, బయటి గోడకు ఆనని బీరువాలో పెట్టాలి. ప్లాస్టిక్ కవర్లో మూసేస్తే తేమ లోపలే ఉండిపోతుంది. మ్యూజియాలు 50 లక్స్ మసక వెలుతురులో కొన్ని నెలలు మాత్రమే పెట్టి, తర్వాత ఏళ్ల తరబడి చీకట్లో ఉంచుతాయి. ఇంట్లో అంత కుదరకపోయినా కిటికీకి ఎదురుగా వేలాడదీయకుండా ఉంటే చాలు. రెండు మూడు ఫ్రేములు పెట్టుకుని ప్రింట్లు మార్చుకోవడం ఇంకా మంచిది.

డీలర్లలో అసలు కాకపోతే డబ్బు వాపసిస్తామని రాతపూర్వకంగా ఇచ్చేవాళ్లున్నారు. వేలంలో రూపాయి తక్కువకు దొరికినదానికన్నా అలాంటివాళ్ల దగ్గర మొదటి ప్రింటు కొనడం మేలు. వేలం కేటలాగుల్లో ‘ఆఫ్టర్ హిరోషిగే’ అని ఉంటే అది తర్వాత ఎవరో వేసినదని, ‘లేటర్ ఎడిషన్’ అంటే పాత అచ్చో కొత్త అచ్చో చెప్పడం వాళ్లకు ఇష్టం లేదని అనుకోవడం క్షేమం. బేరానికి ముందు అమ్మేవాణ్ని వెనకవైపు ఫొటో, మార్జిన్లతో సహా పూర్తి కాగితం ఫొటో, సెంటీమీటర్లలో కొలతలు అడగండి. ‘ఒబాన్’ సైజు సుమారు 39×26 సెంటీమీటర్లు. 33×22 అని చెబితే కత్తిరించిందో, చిన్నగా వేసిన కొత్తదో అయి ఉంటుంది. ఫ్రేములోంచి బయటకు తీయడం కుదరదన్నవాడి దగ్గర కొనకండి.